రెండో ఏడు కథల పండగ: ముందు ఆ జాబితా సగానికి కోయండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కిందటేడు మీ గుంటూరు జిల్లా ఊళ్ళో పురాణాలు, కథలు, కళలు కలిపి ఒక్కరోజు సభ పెట్టారు. పొద్దున 9 నుంచి రాత్రి 10 దాకా 14 అంశాలు. జనం బాగా వచ్చారు. "మళ్ళీ ఎప్పుడు?" అని అందరూ అడుగుతున్నారు కాబట్టి ఈసారి రెండు రోజులు, 25 అంశాలు, టీవీలో కనిపించే ప్రవచనకారుడొకరు, చేతిలో 4 లక్షలు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలన్నారు.

నేను బ్యాంకులో చేసి రిటైరైనవాణ్ణి. మాది అనంతపురం వైపు చిన్న పట్టణం. మేం ఆరుగురం కలిసి తొమ్మిదేళ్ళుగా ఇదే పని మీదున్నాం. మొదటేడు మాకూ మీలాగే బ్రహ్మాండంగా జరిగింది. రెండో ఏడు మీరిప్పుడు అనుకుంటున్నదే అచ్చంగా చేశాం, 22 అంశాలు పెట్టి. మూడో ఏడు లేకుండా పోయేదే. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఆ రెండో ఏడు ఏం జరిగిందో ముందు చెప్తాను. నిమ్మలకుంట నుంచి తోలుబొమ్మలాట బృందాన్ని పిలిచాం. మధ్యాహ్నం మూడింటికే దిగారు. వెదుళ్ళు పాతి, పంచెలు కలిపి కుట్టిన తెర బిగించి, బొమ్మల్ని వరస ప్రకారం సర్దుకుని, కదలకుండా నిలబడాల్సిన వాటిని ఈతముళ్ళతో తెరకు గుచ్చి పెట్టుకున్నారు. కాళ్ళ కింద తొక్కి చప్పుడు చేయడానికి చెక్కలు వేసుకున్నారు. ఇదంతా రెండున్నర గంటల పని. మా కాగితంలో వాళ్ళకిచ్చింది 25 నిమిషాలు. ముందొక డాన్సు స్కూలు పిల్లలు, వెనక సన్మానం. గణపతి, సరస్వతి ప్రార్థన అయ్యేసరికే కొంత గడిచింది. నవ్వించే బొమ్మలు బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి తిట్టుకుంటుంటే జనం పడీపడీ నవ్వారు. అసలు కథ ఎత్తుకుని రావణుడి కొలువు దాకా వచ్చారో లేదో, మా వాడొకడు తెర పక్కన నిలబడి గడియారం చూపించాడు. ఆ పాపం నాది, పంపించింది నేనే.

దానికి తోడు షామియానా వాళ్ళ లైట్లు. బొమ్మకు వెలుగు వెనక నుంచి రావాలి. మేకతోలు పలచగా గీకి, రంగులేసి, నగల చోట చిల్లులు పొడిచేది ఆ వెలుగు దూరి రావడానికే. మేం ముందు నుంచి రెండు పెద్ద ఫ్లడ్ లైట్లు వేసి ఉంచాం. రంగులన్నీ సున్నం కొట్టినట్టు వెలిసిపోయాయి. బృందంలో పెద్దాయన బయటికొచ్చి, "ఆ లైట్లు ఆపమను సామీ, బొమ్మలకు వడదెబ్బ తగిలినట్టుండాది" అన్నాడు. స్విచ్చు ఎక్కడుందో మాలో ఎవరికీ తెలీదు. షామియానా కుర్రాడు భోజనానికి పోయాడు.

ఆర్నెల్ల తర్వాత మేం ఆరుగురం వీధులు పంచుకుని, వచ్చినవాళ్ళను అడిగాం. అభిప్రాయ పత్రాలు, నక్షత్రాలు ఏమీ లేవు, ఒకటే మాట: "ఏం గుర్తుంది?" టీ కొట్టు మనిషి బంగారక్క తిట్లు చెప్పాడు. ఒక టీచరమ్మ కరెంటు పోయినప్పుడు హరిదాసు గారు మైకు లేకుండా పాడిన పద్యం గురించి చెప్పారు. ఎక్కువ మంది "చాలా ఉన్నాయిలే సార్, బాగున్నాయి" అన్నారు. చాలా ఉన్నాయంటే ఏదీ నిలవలేదని నాకప్పుడు అర్థమైంది. మూడు రాత్రులు కూర్చుని రాసిన నా స్వాగతోపన్యాసం ఒక్కరికైనా గుర్తు లేదు. మీరు కూడా ఈ నెలలోనే వెళ్ళి అడగండి. 25 అంశాల జాబితా దానంతటదే తగ్గుతుంది.

ఇక నా సలహా. అంశాలు వద్దు, ఒక కథ తీసుకోండి. రెండు రోజులూ అదే కథ, నలుగురైదుగురు వేరువేరు కళల వాళ్ళ నోట. అంతా కలిపి 8 అంశాలు దాటకూడదు. ఒక్కోదానికి కనీసం గంటన్నర. కథ చెప్పేవాడికి జనాన్ని పట్టుకోవడానికే ఇరవై నిమిషాలు పడుతుంది. అరగంటలో ముగించమంటే ఆయన చూపించేది నమూనా, కథ కాదు.

మూడో ఏడు మేం విరాటపర్వం తీసుకున్నాం. మొదటి సాయంత్రం ఒకే ఒక్క ప్రసంగం, 40 నిమిషాలు, తిక్కన విరాటపర్వంతోనే ఎందుకు మొదలుపెట్టాడన్న దాని మీద. నన్నయ అరణ్యపర్వంలో ఆపేస్తే, ఆ మిగిలింది ముట్టుకోకుండా తిక్కన విరాటం నుంచి అందుకున్నాడు, మధ్యలో ఖాళీని తర్వాతెప్పుడో ఎర్రన పూరించాడు. కాలేజీ మేష్టారొకాయన దీన్ని అపరాధ పరిశోధన కథలా చెప్పారు. చివరి వరుసలో బీడీ కాల్చుకునేవాళ్ళు కూడా లేవలేదు. తర్వాత తోలుబొమ్మలు, రెండున్నర గంటలు. మర్నాడు పొద్దున పిల్లలు. మధ్యాహ్నం పద్యపఠనం. సాయంత్రం పద్యనాటకంలో కీచకవధ ఘట్టం. ఆఖరున ఉత్తర గోగ్రహణం హరికథ. నాటకానికి ముందు రెండు నిమిషాలు నేనే మైకు తీసుకుని సురభి సంగతి చెప్పాను: 1885లో మా పక్క కడప జిల్లా సురభి గ్రామంలో, ఒక పెళ్ళిలో ఆడిన కీచకవధతోనే ఆ నాటకాల కుటుంబం ప్రయాణం మొదలైందని. ఊళ్ళో వాళ్ళకు అది మనదే అన్న గర్వం వచ్చింది. ఆ రెండు నిమిషాలు చాలు, అంతకంటే చరిత్ర చెప్పకండి.

తేడా ఎక్కడ తెలిసిందంటే, రెండో సాయంత్రం. ముందురోజు రాత్రి బొమ్మల్లో కీచకుడు చచ్చిపోవడం చూసినవాళ్ళు, ఇవాళ మనిషి వేషంలో ఎలా చస్తాడో చూడాలని ముందే వచ్చి కూర్చున్నారు. ఒకావిడ పక్కావిడతో "నిన్నటి భీముడే మేలు, ఇతనికి ఆ ఊపేది?" అంటోంది. ఆమె ఎప్పుడూ నాటకం మీద ఒక్క మాట మాట్లాడిన మనిషి కాదు. కథ తెలుసు కాబట్టి కళను చూడటం మొదలుపెట్టింది. 22 అంశాలతో ఆ పని జరగలేదు.

కథ ఎలా ఎంచుకోవాలి? కనీసం మూడు కళల్లో అది ఇప్పటికే బతికి ఉండాలి. మీరు కొత్తగా రాయించుకుంటే కళాకారులు మీకోసం బట్టీపట్టి చెప్తారు, అది చప్పగా ఉంటుంది. రెండోది, అందులో జగడం ఉండాలి. ఐదో ఏడు మేం మైరావణ కథ తీసుకుంటే ఒక పెద్దాయన లేచి "ఇది వాల్మీకంలో లేదు" అన్నారు. నిజమే, లేదు. కానీ మైరావణుడు రామలక్ష్మణుల్ని పాతాళానికి ఎత్తుకుపోవడం, హనుమంతుడు తోకతో కోట కట్టడం, పాతాళం వాకిట్లో కన్న కొడుకుతోనే తలపడటం, ఇవి తెలియని తెలుగు ముసలమ్మ ఉందా? గంటసేపు వాదన జరిగింది. టీ రెండుసార్లు ఇవ్వాల్సొచ్చింది. ఆ ఏడాది కార్యక్రమాలన్నిటిలో అదే గొప్పగా ఉందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

మీ చోటికైతే నన్నడిగితే పల్నాటి కథ. పురాణం కాదు కదా అంటారేమో. కారంపూడిలో ఆ వీరుల్ని ఇప్పటికీ ఏటా కొలుస్తున్నారు, ఆ కథ పాడటం వీరవిద్యావంతుల వంశపు వృత్తి, శ్రీనాథుడి పేరు మీద ద్విపద కావ్యం ఉంది, బుర్రకథ సరేసరి. కోడిపందెం, బాలచంద్రుడు, మాంచాల, నాగమ్మ. జగడానికి లోటేముంది? పైగా బుర్రకథ మీ జిల్లా సొత్తు. 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ మీ పొన్నెకల్లు మనిషే. మీ జాబితాలో బుర్రకథకు 20 నిమిషాలు రాశారు, చూసి నొచ్చుకున్నాను. తంబుర పట్టిన కథకుడు ఎత్తుకోవాలి, హాస్యగాడు అడ్డుపడాలి, రాజకీయం చెప్పేవాడు ఇవాళ్టి పేపరు సంగతి కలపాలి. ముగ్గురి మధ్య ఆ ముడి పడేసరికే మీ 20 నిమిషాలు అయిపోతాయి.

కళాకారుల్ని పిలిచే పద్ధతి గురించి. ఫోన్లో మాట్లాడి తేదీ ఖాయం చేసేయకండి. కిందటేడు వచ్చినవాళ్ళ ఇళ్ళకు ముందు వెళ్ళండి. ఫోటోలు కాయితం మీద వేయించి పట్టుకెళ్ళండి, ఫోన్లో చూపిస్తే లాభం లేదు. బాకీలేమన్నా మిగిలాయేమో అడగండి, మొహమాటానికి వాళ్ళు చెప్పరు. మాకు రెండో ఏడు ఒక డోలు వాయించేతనికి బస్సు చార్జీలు ఇవ్వడం మర్చిపోయిన సంగతి ఎనిమిది నెలల తర్వాత, అదీ అతని తమ్ముడి నోట తెలిసింది. ఇప్పుడు మా పద్ధతి ఇది: ఇల్లు కదిలే ముందే దారి ఖర్చులు చేతిలో పెడతాం, మిగతాది ఆట అయిన రాత్రే, భోజనానికి కూర్చునే ముందు. "చెక్కు పంపిస్తాం" అన్న మాట మా సంఘంలో నిషేధం.

ఇంకో చిక్కు సంగతి. కొన్ని కథలు ఫలానా వాళ్ళకే చెప్పే కథలు. తెలంగాణలో చేర్యాల నకాషీ చిత్రకారులు వేసే పటాలు ఉన్నాయి కదా, మూడడుగుల వెడల్పు, పదుల అడుగుల పొడవు. అవి గోడకు తగిలించే బొమ్మలని మనం అనుకుంటాం. అవి కథ చెప్పేవాళ్ళ పనిముట్లు. గొల్లలకు మందహెచ్చులు, పద్మశాలీలకు కూనపులి వాళ్ళు, ఇలా ఒక్కో కులానికి ఒక్కో కథకుల కుటుంబం. ఏ ఊళ్ళు ఎవరివో వంశపారంపర్యంగా హక్కులుంటాయి. నాలుగో ఏడు మేం ఒక కూనపులి కథకుణ్ణి పిలిచి కళ్యాణ మండపంలో 400 కుర్చీల ముందు నిలబెట్టాం. మొదటి రెండు వరసలకు తప్ప పటం ఎవరికీ కనిపించలేదు. ఆయన పుల్లతో చూపిస్తున్నాడు, జనం ఫోన్లు చూసుకుంటున్నారు. మర్నాడు ఏమనిపించిందో, మా వూరి నేతగాళ్ళ సత్రం అరుగు మీద చాప పరిచి, యాభై అరవై మందిని కూర్చోబెట్టాం. చాలామంది మగ్గం వాళ్ళే. మార్కండేయుడి కథ, వాళ్ళ మూలపురుషుడు భావనారుషి కథ వచ్చేసరికి ఒక ముసలాయన ముందుకు జరిగి, "మా గోత్రం చెప్పు తాతా" అన్నాడు. ఈయన వయసు డెబ్బై, కథకుడికి నలభై ఐదు ఉంటుందేమో. అయినా తాతా అనే పిలిచాడు. గోత్రం చెప్పగానే జేబులోంచి నోటు తీసి పటం ముందు పెట్టాడు. వెనక నుంచి ఇంకొకరు, ఇంకొకరు. మేం ఇచ్చిన పారితోషికం కంటే ఆ చాప మీద పడిందే ఎక్కువ. కాబట్టి పటం కథ పెడితే చిన్న చోటు చూడండి. ఎవరి కథో వాళ్ళను ముందే పిలవండి. పటాన్ని చుట్టేటప్పుడు కుర్రాళ్ళను సాయం పట్టమని తోయకండి, అడిగి పట్టుకోండి.

తేదీ. మూడో ఏడు మేం తెలివిగా ఆషాఢంలో పెట్టాం. పెళ్ళిళ్ళు ఉండవు, షామియానా చవక, వంటవాళ్ళు ఖాళీ. మా సీమలో ఆషాఢంలో వాన ఎక్కడ పడుతుందిలే అని ధైర్యం. విరాటపర్వం చదివిస్తే వానలు పడతాయని మన పల్లెల్లో నమ్మకం ఉంది కదా, హరికథ సగంలో ఆకాశం చిల్లు పడ్డట్టు కురిసింది. జనం ఒక్కరూ తిట్టలేదు. "ఇంకో పద్యం చదివించండి సార్" అని ఒకటే నవ్వులు. మాకు మాత్రం గుండెలు జారిపోయాయి. తోలుబొమ్మల పెట్టె పక్క గదిలో ఉండబట్టి సరిపోయింది. తోలు తడిస్తే ముడుచుకుపోతుంది. డోలు, మృదంగం చెమ్మకే శ్రుతి దిగిపోతాయి. అప్పట్నుంచి మేం పుష్యమాసానికి మారాం. అదీ శూన్యమాసమే, పెళ్ళిళ్ళుండవు, పైగా రాత్రులు పొడిగా ఉంటాయి. మీ వైపు మిరప కోతలు ముమ్మరం కాకముందే చూసుకోండి. శ్రీరామనవమికి, దసరా నవరాత్రులకు హరిదాసులు దొరకరు. ఒగ్గుకథ వాళ్ళను పిలుద్దామనుకుంటే సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాలు వదిలేయండి, కొమురవెల్లి మల్లన్న జాతర రోజులవి.

మైకు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట లౌడ్ స్పీకరు కుదరదు. సాంస్కృతిక సందర్భాలకు ప్రభుత్వం 12 దాకా సడలించవచ్చు గానీ అది ఏడాదికి 15 రోజులకు మించకూడదు, ఆ రోజులు మీ చేతిలో ఉండవు. కాబట్టి బొమ్మలాట, బుర్రకథ ఏడున్నరకల్లా మొదలుపెట్టేయండి. పోలీసు స్టేషన్లో అనుమతి కాయితం పదిరోజుల ముందే పెట్టుకోండి. 10 తర్వాత ఏం చేస్తామంటే, మైకు కట్టేసి, కావాలన్నవాళ్ళం మాత్రం లోపల హాల్లో గుండ్రంగా కూర్చుంటాం. వాద్యాలు ఉండవు, ఉత్త నోటి కథలు. ముప్ఫై మంది మిగులుతారు. కళాకారులు తమ ఊళ్ళ సంగతులు, తమ గురువుల సంగతులు చెప్పేది అప్పుడే. దాన్ని కాగితంలో వేయకండి, వేస్తే ముఖ్య అతిథి వచ్చి కూర్చుంటాడు.

ఆ మాటొచ్చింది కాబట్టి: శాలువాలు. రెండో ఏడు గడియారం పెట్టి చూశాను, సన్మానాలకు, మెమెంటోలకు, ఫోటోలకు పోయింది 70 నిమిషాలు. బొమ్మలాటకు ఇచ్చిన దానికి దాదాపు మూడింతలు. ఇప్పుడు దాతలందర్నీ మొదటి సాయంత్రం 5 గంటలకు వేదిక కింద ఒక్క వరసలో నిలబెట్టి ఒకేసారి నమస్కారం చేస్తాం. ఇద్దరు అలిగారు. ఒకాయన మరుసటేడు తిరిగొచ్చాడు.

మీ ప్రవచనకారుడి సంగతి కూడా ఇందులోదే. ఆయన గొప్పవారే కావచ్చు. ఆయన కోసం వచ్చే జనం ఆయనతోనే లేచిపోతారు, తర్వాత బుర్రకథ చెప్పేవాళ్ళు ఖాళీ కుర్చీలకు చెప్పాలి. ఆ డబ్బుతో మూడు బృందాలొస్తాయి. తప్పనిసరైతే వేరే నెలలో వేరే రోజున పెట్టుకోండి.

4 లక్షలు రెండు రోజులకు, 8 అంశాలకు సరిపోతుంది. మా అలవాటు ప్రకారం పంచితే 2 లక్షలు కళాకారుల పారితోషికం, ఇది ముందు పక్కన పెట్టేయాలి, దేనికీ ముట్టకూడదు. దారి ఖర్చులకు 30 వేలు. షామియానా, మైకు, లైట్లకు 70 వేలు. భోజనాలకు, బసకు 60 వేలు. కరపత్రాలకు 15 వేలు చాలు, ఫ్లెక్సీలు తగ్గించండి. 25 వేలు ఎవరికీ చెప్పకుండా దాచండి, ఏదో ఒకటి విరుగుతుంది. పూర్తి సురభి నాటకం మాత్రం ఈ డబ్బులో ఆలోచించకండి. తెరలు, సెట్టింగులు, పదుల మంది మనుషులు. ఆ సరదా ఐదో ఏడుకు ఉంచుకోండి.

పిల్లలకు పొద్దున పూట ఇవ్వండి. పోటీలు, బహుమతులు వద్దు. బొమ్మలాట వాళ్ళు తెర వెనక్కి రానిస్తారు, అడగండి. పాత బొమ్మ ఒకటి చేతికిస్తే చాలు, గంటసేపు వదలరు. అమ్మమ్మలకు, నాయనమ్మలకు మధ్యాహ్నం పూట, వేదిక మీద కాదు, కింద చాప మీద. ఆరో ఏడు ఊర్మిళాదేవి నిద్ర పాట తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అని ఊళ్ళో అడిగితే నలుగురు దొరికారు. పద్నాలుగేళ్ళ తర్వాత గదిలోకి వచ్చిన లక్ష్మణుణ్ణి ఊర్మిళ పరాయివాడనుకుని గదమాయించే చోట మొదటావిడకు చరణం తప్పింది. రెండో ఆవిడ అందుకుంది, వేరే వరసలో. "మీ అత్తగారింట్లో అట్లా పాడతారేమో, మా ఇంట్లో ఇట్లా" అని మొదటావిడ ఆపేసింది. ఇద్దరూ ఎవరి వరసలో వాళ్ళు పూర్తిగా పాడారు, మేం రెండూ విన్నాం.

వీడియోల విషయంలో ఒక్క మాట. మొత్తం ఆట తీసి యూట్యూబులో పెట్టకండి. పక్క ఊరి సంఘం వాళ్ళు "ఫోన్లో చూశాంలే" అని మరుసటి నెల ఆ బృందాన్ని పిలవడం మానేశారని మాకు ఆ కళాకారులే చెప్పారు. ఐదు నిమిషాలు పెట్టండి, అదీ వాళ్ళను అడిగి, పెద్దాయన ఫోన్ నంబరు ఆయన ఒప్పుకుంటే కింద వేసి. పూర్తి రికార్డింగు ఒక పెన్ డ్రైవులో వేసి వాళ్ళకే ఇచ్చేయండి.

మీరు చెప్పనిది ఒకటుంది, వంట ఎవరు చేస్తున్నారు? బొమ్మలాట, బుర్రకథ వాళ్ళు ఆట ముందు సరిగ్గా తినరు, అయ్యాక రాత్రి 11కి ఆకలితో ఉంటారు. ఆ వేళకు వేడన్నం పెట్టే మనిషిని ఇప్పుడే మాట్లాడుకోండి. కథ ఏదో, తేదీ ఏదో తేలాక ఇక్కడే రాయండి. బొమ్మలాట కావాలంటే నిమ్మలకుంట బృందంతో నేను మాట్లాడి పెడతాను, కానీ రెండున్నర గంటలు ఇస్తామని ముందు మాట ఇవ్వాలి.